ఏడాకుల పాల చెట్టు కింద అయిదుగురు పిల్లలు

(పిఠాపురం దగ్గర ఒక పల్లెటూరి బడి నాలుగో వార్షికోత్సవంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో చిన్నవాళ్ళు గజ్జెలు కట్టుకుని కూర్చున్నారు, వాళ్ళ చూపంతా స్టేజీ మీదే ఉంది. నాకు అరగంట ఇచ్చారు. అంతకు మించి ఒక్క నిమిషం కూడా తీసుకోను.

మీ హెడ్మాస్టారు నా దగ్గర ఎనిమిది నుంచి పది దాకా తెలుగు చదువుకున్నాడు. పోయిన నెలలో ఫోన్ చేసి, "టీచర్‌గారూ, బడి పెట్టి నాలుగేళ్ళయింది. పెద్ద బళ్ళకి సంప్రదాయాలని కొన్ని ఉంటాయి కదండీ, మనకీ ఏవైనా ఉంటే బాగుంటుందని అనుకుంటున్నాం. ఏం పెట్టుకోమంటారో మీరొచ్చి చెప్పండి" అన్నాడు. సరే అన్నాను గానీ, ఆ "పెట్టుకోవడం" అన్న మాట నన్ను వదల్లేదు. బడికి బోర్డు పెట్టుకోవచ్చు, బల్లలు పెట్టుకోవచ్చు. సంప్రదాయాన్ని ఎలా పెట్టుకుంటాం?

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. రిటైరయ్యాక రెండేళ్ళు నేనొక పెద్ద ప్రైవేటు స్కూల్లో పనిచేశాను. పేరు అక్కర్లేదు. అక్కడా ఇలాగే, మనకో సంప్రదాయం కావాలని చెప్పి మాతృపూజ పెట్టారు. పిల్లలందరూ వరసగా కూర్చుని అమ్మల కాళ్ళు కడిగి, పసుపు రాసి, పూలు వేసి దణ్ణం పెట్టాలి. మైకు నా చేతిలో ఉంది. మాతృదేవోభవ అంటూ పోతన పద్యాలు చదువుతున్నాను. నా గొంతు నాకే బాగా వినిపిస్తోంది ఆ రోజు. మూడో వరుస చివర ఆరో క్లాసు పిల్ల ఇత్తడి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కుర్చీ ఖాళీ. తల్లి ఆలస్యంగా వస్తోందేమో అనుకున్నాను. నా పద్యాలు నేను చదువుకుంటూ పోయాను. ఆ పిల్లకి తల్లి లేదు. ఏడాది కిందట పోయింది. క్లాస్ టీచర్‌కి తెలుసు, నాకూ ఎప్పుడో చెప్పారు, ఆ క్షణాన గుర్తు రాలేదు. పళ్ళెంలో నీళ్ళు అలాగే ఉన్నాయి. పిల్ల ఏడవలేదు కూడా. తప్పు ఆ స్కూలుది ఎంతో నాదీ అంతే, మైకు పట్టుకున్నది నేనే కనుక. ఆ తర్వాత చాలా రోజులు ఏ బడిలో ఏ ఆచారం కనపడినా, ఇది ఎవరి కోసం పుట్టింది, ఎవరికి నొప్పి పెడుతోంది అని చూడటం అలవాటైంది నాకు.

ఆ అలవాటుతోనే రవీంద్రనాథ్ ఠాకూర్ బడి పెట్టిన శాంతినికేతనం వెళ్ళాను. ఆ బడి గురించే ఈ వేళ చెబుతాను. ఆ బడే పెరిగి పెద్దదైన ఇప్పటి విశ్వభారతి గురించి కాదు. 1951 నుంచి అది కేంద్ర విశ్వవిద్యాలయం, 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లోకి కూడా చేరింది, దాని ఘనత దానిది. నేను చెప్పేది అది మీ బడిలాగే పసిబడిగా ఉన్న రోజుల గురించి. ఒక మనిషి సొంత డబ్బుతో, ఏ సర్కారు సాయమూ లేకుండా పెట్టుకున్న ప్రైవేటు బడి అది. రేపు జీతాలకి ఎలాగరా భగవంతుడా అనుకునే బడి.

ముందు ఆ నేల గురించి చెప్పాలి. బెంగాల్లో బీర్భూమ్ జిల్లా. బోల్పూర్ స్టేషన్లో దిగి కాస్త లోపలికి వెళ్ళాలి. బెంగాలంటే మన కోనసీమలా పచ్చగా ఉంటుందనుకుంటాం గదా, అక్కడ అలా కాదు. ఎర్రటి మొరుసు నేల. వానకి కోసుకుపోయి గండ్లు పడి ఉంటుంది. వాటిని ఖోయాయి అంటారు. 1863లో రవీంద్రుల తండ్రి దేవేంద్రనాథ్ ఠాకూర్ అక్కడ ఇరవై బిఘాల భూమి శాశ్వత కౌలుకి తీసుకున్నారు. మన లెక్కలో ఏడెకరాలకి కాస్త తక్కువ. కౌలు ఏడాదికి అయిదు రూపాయలు. ఆ బయల్లో రెండు ఏడాకుల పాల చెట్లు ఉండేవి. వాళ్ళు ఛాతిమ్ అంటారు, సంస్కృతంలో సప్తపర్ణి. ఒక్కొక్క చోట ఏడేసి ఆకులు గొడుగులా విచ్చుకుని ఉంటాయి. ఆ నీడన ఆయన ధ్యానానికి కూర్చునేవారు. "ఆయనే నా ప్రాణానికి విశ్రాంతి, మనసుకి ఆనందం, ఆత్మకి శాంతి" అని ఆ చోట ఈనాటికీ బెంగాలీలో రాసి ఉంటుంది.

రవీంద్రులు మొదటిసారి అక్కడికి వెళ్ళింది 1873లో, పదకొండేళ్ళప్పుడు. ఒడుగు అయిన కొత్త. గుండు మీద జుట్టు ఇంకా సరిగా రాలేదు. ఆ గండ్లలో తిరిగి రంగురంగుల గులకరాళ్ళు ఏరి చొక్కా అంచులో పోసుకుని తండ్రికి చూపించేవారు. తండ్రి విసుక్కోలేదు, ఎంత బాగున్నాయో అని మెచ్చుకున్నారు. మరి బడులో? కలకత్తాలో నాలుగు బళ్ళు మార్చినా ఒక్కదాంట్లోనూ ఈ పిల్లవాడు నిలవలేదు. బడి అంటే నాలుగు గోడలూ బెత్తమూ అని మాత్రమే తెలిసిన మనిషి, నలభయ్యో ఏట తానే ఒక బడి పెట్టాడు. ఎక్కడ? గులకరాళ్ళు ఏరుకున్న చోటే.

1901 డిసెంబరు 22. బెంగాలీ లెక్కన పౌష మాసం 7. ఆ రోజునే ఎందుకంటే, 1843లో అదే పౌష 7న దేవేంద్రనాథులు బ్రహ్మసమాజ దీక్ష పుచ్చుకున్నారు. అక్కడి ఉపాసనా మందిరం తలుపులు తెరిచింది 1891లో అదే రోజున. 1894 నుంచి ఆ రోజున తిరునాళ్ళు కూడా జరుగుతున్నాయి, పౌష మేళా అంటారు. అంటే బడి పుట్టేనాటికే ఆ ఊళ్ళో ఒక పండగ ఉంది. కొత్త బడికి కొత్త ముహూర్తం వెతక్కుండా తండ్రిగారి పండగ పక్కనే చాప పరిచారు.

అయిదుగురు పిల్లలు. అందులో ఒకడు సొంత కొడుకు, పదమూడేళ్ళ రథీంద్రనాథ్. పేరు బ్రహ్మచర్యాశ్రమం. మన పాత గురుకులాల పద్ధతిలో నడపాలని ఆశ. ఫీజు లేదు, తిండి ఉచితం. ఉపాధ్యాయుల్లో బ్రహ్మబాంధవ్ ఉపాధ్యాయ అనే ఆయన బెంగాలీ బ్రాహ్మణుడిగా పుట్టి క్రైస్తవం పుచ్చుకున్న సన్యాసి. ఆయన శిష్యుడు రేవాచంద్ సింధీ, క్రైస్తవుడు. చూశారా ఎంత చిత్రమో! వేద కాలపు గురుకులం అనుకుని మొదలుపెట్టిన బడికి తొలి మాస్టార్లలో ఇద్దరు క్రైస్తవులు. కొద్ది నెలలకే వాళ్ళు వెళ్ళిపోయారు. ఠాకూర్ గారిని "గురుదేవ్" అని మొదట పిలిచింది ఆ బ్రహ్మబాంధవుడే అంటారు. మనిషి వెళ్ళిపోయాడు, పిలుపు మిగిలింది.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ బడి నడిపేవాళ్ళున్నారు, వినండి. తండ్రిగారు పెట్టిన ట్రస్టు నుంచి ఏటా వచ్చే కొద్దిపాటి సొమ్ము సరిపోదు. పూరీలో సముద్రం ఒడ్డున ఇల్లుండేది, అమ్మేశారు. బంగారు గడియారం అమ్మేశారు. భార్య మృణాళినీ దేవి నగలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆవిడ నగలు ఇచ్చి ఊరుకోలేదు, వచ్చి ఆ పిల్లలకి వండిపెట్టారు. బడి పెట్టి ఏడాది నిండకుండానే జబ్బుపడి 1902 నవంబరు 23న కన్నుమూశారు. తర్వాతి ఏడాది రెండో కూతురు రేణుక పోయింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సతీశ్ చంద్ర రాయ్ పోయాడు. ఇరవై రెండేళ్ళు కూడా నిండాయో లేదో అన్న వయసు. కవి. పరీక్షలు వదిలేసి, జీతం గీతం అనకుండా వచ్చి పిల్లలకి పాఠం చెప్పినవాడు. మశూచి అతన్ని తీసుకుపోయింది. ఆ భయానికి బడిని కొన్నాళ్ళు వాళ్ళ జమీందారీ ఊరు శిలైదహకి మార్చవలసి వచ్చింది.

అప్పుడు మూసేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఫీజులు పెట్టవలసి వచ్చింది, పెట్టారు. ఉచిత గురుకులం అన్న కల అక్కడితో పోయింది. బడి మాత్రం నడిచింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి, మహనీయుల కథలు చెప్పేటప్పుడు మనం దాటేస్తుంటాం. మొదటి రోజుల్లో ఆ బడిలో కులం పట్టింపు ఉండేది. భోజనాల దగ్గర బ్రాహ్మణ పిల్లల పంక్తి వేరు. 1902లో కుంజలాల్ ఘోష్ అనే బ్రాహ్మణేతర ఉపాధ్యాయుడు వచ్చినప్పుడు, బ్రాహ్మణ పిల్లలు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. బ్రాహ్మణ ఉపాధ్యాయులకి పాదాభివందనం, మిగతావారికి నమస్కారం అని ఠాకూర్ గారే ఉత్తరం రాశారు. ఆయనే! ఆ సంగతి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. కానీ ఆ మనిషి అక్కడ ఆగిపోలేదు. తన ఆలోచన మారుతున్నకొద్దీ బడినీ మార్చారు. ఆ పంక్తులు క్రమంగా కలిసిపోయాయి. నిన్న మనం పెట్టిన ఆచారమే ఇవాళ తప్పుగా కనపడితే తీసెయ్యడానికి కూడా ధైర్యం కావాలి, అది ఆయనకి ఉంది. ఆడపిల్లల్ని చేర్చుకునే ప్రయత్నం కూడా ఒకసారి మొదలుపెట్టి, నడపలేక 1910 నాటికి ఆపేసి, మళ్ళీ కొన్నేళ్ళకి మొదలుపెట్టారు.

బయటినుంచి వచ్చిన దెబ్బలూ తక్కువ కాదు. 1911 ప్రాంతంలో తూర్పు బెంగాల్, అస్సాం ప్రభుత్వం తన ఉద్యోగులకి ఒక రహస్య సర్క్యులర్ పంపింది. మీ పిల్లలు చదవడానికి ఆ బడి తగినది కాదు అని. గవర్నమెంటు ఉద్యోగం చేసే తండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. 1913 నవంబరులో నోబెల్ బహుమతి తంతి వచ్చినప్పుడు, బడిలో మురుగు కాల్వలు సగంలో ఆగి ఉన్నాయట. తంతి చదివి, "ఇదిగో, మీ కాల్వలకి డబ్బొచ్చింది" అని పక్కనున్న ఉపాధ్యాయుడి చేతికి ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ బహుమతి సొమ్మునైనా ఇంట్లో పెట్టుకోలేదు. వాళ్ళ జమీందారీలోని పతిసర్‌లో రైతుల కోసం తాను పెట్టిన వ్యవసాయ బ్యాంకులో వేశారు. రైతుకి తక్కువ వడ్డీకి అప్పు, ఆ వడ్డీ బడికి. ఆ బ్యాంకు తర్వాత్తర్వాత మునిగిపోయింది, అసలు సొమ్ము తిరిగి రాలేదు.

మాస్టార్ల గురించి చెప్పకుండా ఉండలేను, నేనూ ఆ జాతిదాన్నే కనుక. హరిచరణ్ బందోపాధ్యాయ అని ఒకాయన ఠాకూర్ల జమీందారీ కచేరీలో లెక్కలు చూసుకునే ఉద్యోగి. ఒకసారి రవీంద్రులు ఆ కచేరీకి వెళ్ళి, పగలు కచేరీ పని సరే, సాయంత్రాలు ఏం చేస్తారని అడిగారు. సంస్కృతం చదువుకుంటానండి, ఏదో రాసుకుంటున్నానండి అన్నాడాయన. రాత ప్రతి తెప్పించుకుని చూశారు. కొన్నాళ్ళకి కచేరీ మేనేజరుకి ఉత్తరం వచ్చింది, మీ సంస్కృతం ఉద్యోగిని శాంతినికేతనం పంపమని. ఆ గుమాస్తా సంస్కృతం మాస్టారయ్యాడు. 1905లో ఆయనకి ఒక పని ఒప్పజెప్పారు, బెంగాలీ భాషకి పెద్ద నిఘంటువు రాయమని. పగలు పాఠాలు, రాత్రి దీపం ముందు మాటలు. మధ్యలో డబ్బు చాలక 1911లో కలకత్తా వెళ్ళి వేరే ఉద్యోగం చూసుకోవలసి వచ్చింది. రవీంద్రులు కాసింబజార్ మహారాజుని అడిగి నెలకి యాభై రూపాయలు ఏర్పాటు చేయిస్తే మళ్ళీ వచ్చారు. అచ్చు పూర్తయ్యేసరికి 1945. నలభై ఏళ్ళు! చేతికి పుస్తకం వచ్చేనాటికి, ఆ పని అప్పజెప్పినాయన పోయి నాలుగేళ్ళయింది.

జగదానంద రాయ్ గారూ అలా జమీందారీ కచేరీ నుంచి వచ్చినవారే. లెక్కలు, సైన్సు చెప్పేవారు. రాత్రిళ్ళు పిల్లలకి ఆకాశంలో నక్షత్రాలు చూపించేవారు. అంటే మాస్టార్ల కోసం ప్రకటనలు వేసి, డిగ్రీలు చూసి తీసుకోలేదు. ఎవరి సాయంత్రాలు దేనితో నిండి ఉన్నాయో చూసి తీసుకున్నారు. మా హెడ్మాస్టారు ఇది రాసుకుంటున్నాడు, మంచిదే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

శాంతినికేతనంలో వసంతోత్సవం అని వినే ఉంటారు. పసుపు చీరలు, మోదుగు పూలు, రంగులు, పాటలు. వేలమంది వస్తారు. అది ఎలా మొదలైంది? ఠాకూర్ గారికి శమీంద్రనాథ్ అని ఆఖరి కొడుకు. శమీ అనేవారు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు కూడా లేవు. ఆ బడిలోనే, ఆ మాస్టార్ల చేతుల్లోనే పెరిగాడు. 1907లో శ్రీపంచమి నాడు ఆ పదేళ్ళవాడు తోటి పిల్లల్ని పోగేసి ఋతువుల పండగ చేశాడు. తాను వసంతుడి వేషం కట్టాడు. మిగతావాళ్ళు వర్షం, శరత్తు. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. పిల్లలాటగానే జరిగింది.

ఆ ఏడాదే దసరా సెలవులకి శమీ ఒక స్నేహితుడితో కలిసి బీహారులోని ముంగేర్ వెళ్ళాడు. అక్కడ కలరా వచ్చింది. తండ్రి వెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. నవంబరు 23. అయిదేళ్ళ కిందట తల్లి పోయిన తేదీ కూడా అదే. వాడికి పదకొండు నిండలేదు.

ఆ మర్నాటి రాత్రి రైల్లో తిరిగి వస్తూ చూస్తే ఆకాశమంతా వెన్నెలతో నిండి ఉందనీ, ఎక్కడా ఏ లోటూ ఉన్నట్టు లేదనీ ఎన్నో ఏళ్ళ తర్వాత కూతురు మీరాకి రాశారు. ఆ ఉత్తరం రాసినప్పుడు మీరా తన కొడుకుని పోగొట్టుకుని ఉంది. పాతికేళ్ళు లోపల దాచుకున్న మాటని కూతురి కోసం బయటికి తీశారు. ముంగేర్ నుంచి వచ్చిన ఆయన మళ్ళీ బడి పనిలో పడ్డారు. మరుసటి ఏడాది శరత్తు వచ్చేసరికి పిల్లలు ఆడుకోవడానికి ఋతువు మీద ఒక నాటకం రాశారు. ఆ తర్వాత వానకి, చలికి, వసంతానికి, అన్నిటికీ పాటలు, పండగలు. శమీ ఆడిన ఆటని తండ్రి పట్టుకుని ముప్పై ఏళ్ళు నడిపించినట్టు నాకు అనిపిస్తుంది. అలా అని ఆయన ఎక్కడా అనలేదు, ఇది నా మాట.

మరొకటి చూడండి. 1914 చివర్లో దక్షిణాఫ్రికా నుంచి గాంధీగారి ఫీనిక్స్ ఆశ్రమం పిల్లలు కొన్నాళ్ళు ఉండటానికి శాంతినికేతనం వచ్చారు. 1915 ఫిబ్రవరిలో గాంధీగారే వచ్చారు. రాగానే ఆయన కన్ను వంటింటి మీద పడింది. వంటవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, పాయిఖానాలు ఎత్తేవాళ్ళు వేరే ఉన్నారు. పిల్లలూ మాస్టార్లూ ఈ పనులు మనమే చేసుకుంటే ఏం అన్నారు. మాస్టార్లు కొందరు సరే అన్నారు, కొందరు సణిగారు. రవీంద్రులు ఒప్పుకున్నారు. మార్చి 10న మొదలైంది. కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం, దొడ్లు కడగడం అన్నీ వాళ్ళే. గిన్నెలు తోమేవాళ్ళకి హాయిగా ఉంటుందని పక్కన కూర్చుని కొందరు సితారు వాయించేవారని గాంధీగారు రాసుకున్నారు. ఎక్కువ కాలం సాగలేదు. ఓడిపోయిన ప్రయత్నమే అనుకోండి. కానీ ఈనాటికీ ప్రతి మార్చి 10న అక్కడ గాంధీ పుణ్యాహం జరుపుతారు. ఆ ఒక్కరోజు వంటవాళ్ళకీ పారిశుద్ధ్య సిబ్బందికీ సెలవు, చీపుర్లూ గరిటెలూ పిల్లలవీ పంతుళ్ళవీ. సాగని పనిని కూడా మరిచిపోకుండా ఏడాదికొక రోజైనా చేసి చూసుకుంటున్నారు.

మిగతావి త్వరగా చెబుతాను. వారపు సెలవు బుధవారం, ఆ రోజు మందిరంలో ఉపాసన కనుక. మంగళవారం సాయంత్రాలు సాహిత్య సభ, పిల్లలు తమ రచనలు చదువుతారు. మహాలయ అమావాస్య నాడు ఆనందబజార్, పిల్లలు చేసినవి పిల్లలే అమ్మి ఆ డబ్బు పేదల కోసం ఇస్తారు. 1928 నుంచి వానాకాలంలో మొక్కని పల్లకీలో ఊరేగించి నాటడం. మాస్టార్లని సార్ అనరు, పేరు చివర "దా" అనో "ది" అనో చేర్చి పిలుస్తారు, అన్నయ్య, అక్క అన్నట్టు. స్నాతకోత్సవంలో పట్టా పుచ్చుకునేవాళ్ళ చేతిలో ఏడాకుల పాల ఆకు పెడతారు, దేవేంద్రనాథులు కూర్చున్న చెట్టు జాతి ఆకు. ఇందాక మీరు నాకు చప్పట్లు కొట్టారు కదా, అక్కడ చప్పట్లు లేవు. సభలో బాగా పాడితే, బాగా చదివితే అందరూ "సాధు, సాధు" అంటారు.

నేను వెళ్ళినప్పుడు ఒక క్లాసు చూశాను. మామిడితోటలో, పొద్దున్న. పిల్లలు పసుపు యూనిఫాంలో, ఎవరి ఆసనం వాళ్ళు చంకలో పెట్టుకుని వచ్చారు. చెప్పులు చెట్టుకి దూరంగా విడిచి, ఆసనం పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో మాస్టారు. భాష నాకు రాదు. పాఠం నడుస్తుండగా పైనుంచి ఒక పిందె టప్పున ఒక పిల్లవాడి పుస్తకం మీద పడింది. ఎవరూ నవ్వలేదు. వాడు పిందె తీసి జేబులో వేసుకున్నాడు. మాస్టారు చూశారు, చెబుతున్నది ఆపలేదు. మాకు ఇలాంటి పిందె పడితే ఆ పీరియడ్ అక్కడితో సరి! గంట కొట్టగానే ఆసనాలు దులిపి చుట్టుకుని ఇంకో చెట్టు కిందకి నడిచిపోయారు. వాళ్ళు కూర్చున్న చోట మట్టి నున్నగా, గుండ్రంగా అరిగి ఉంది.

మనకీ ఆ బడికీ చుట్టరికం ఉందని కూడా చెప్పాలి. ఇక్కడికి ఇంత దగ్గరలో ఉన్న పిఠాపురం ఆస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వర శాస్త్రిగారు. ఆయన వీణ విని రవీంద్రులు ముగ్ధులై శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. మన పక్క ఊరి వీణ ఆ మామిడితోటల్లో మోగింది. బెజవాడ గోపాలరెడ్డిగారు అక్కడే చదువుకుని, ముఖ్యమంత్రి అయ్యాక కూడా రవీంద్రుల్ని తెలుగు చెయ్యడం మానలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు జనగణమనని తన చేత్తో ఇంగ్లీషు చేశారు. అప్పటికి ఆయన విశ్వభారతి పునాదిరాయి వేసి రెండు నెలలైంది, దాని కోసమే ఊరూరా తిరుగుతున్నారు. ఒక బడి కోసం, యాభై ఏడేళ్ళ వయసులో, రైళ్ళలో.

మా హెడ్మాస్టారు వాచీ చూడటం లేదు గానీ చిన్నవాళ్ళ గజ్జెలు చూస్తున్నాయి. ఒక్కటి చెప్పి దిగిపోతాను.

పొద్దున్న తొమ్మిదింటికి నేను కాలవ అవతల ఆటో దిగాను. కాలవ మీద వంతెన దాటి పిల్లలు బడికి వస్తున్నారు. పెద్ద క్లాసు పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని దాటిస్తున్నారు. వంతెనకి రెండు వైపులా ఇనప కమ్మీలు గట్టిగా ఉన్నాయి. పడే భయం ఏమీ లేదు. మీ ఆయాని అడిగితే చెప్పింది, కమ్మీలు పెట్టి రెండేళ్ళయిందట. మొదటి రెండేళ్ళూ వట్టి చెక్కలేనట, వానాకాలం కాలవ నిండుగా పారేదట.

అయిదో క్లాసు పిల్లొకతి ఇద్దర్ని దాటించి మూడో దాని కోసం వెనక్కి వస్తోంది. ఆపి అడిగాను, కమ్మీలున్నాయి కదమ్మా, ఎందుకు చెయ్యి పట్టుకుంటున్నావని. ఆ పిల్లకి నా ప్రశ్న అర్థం కాలేదు. కాసేపు నా మొహం చూసి, "మేం ఒకటో క్లాసులో ఉన్నప్పుడు అక్కలు మమ్మల్ని పట్టుకునేవారండి" అని, ఆ మూడో పిల్ల దగ్గరికి పరిగెత్తింది.

ఇక పిల్లల్ని స్టేజీ ఎక్కించండి. నమస్కారం.